నలభై ఎనిమిది ఫ్రేముల మరక

ఆ ఆఫీసులో ఆమెను అందరూ మరకలమ్మ అంటారు.

పాత సినిమాల మీది గీతలు, దుమ్ము, బూజు మచ్చలు కంప్యూటర్లో ఒక్కొక్క ఫ్రేమూ తుడవడం ఆమె పని. ఏడాదిగా తుడుస్తున్నది ఒకటే సినిమా, అరవై ఏళ్లనాటి రాకుమారి ప్రేమకథ. మొహం మొత్తిపోయింది. ఇంట్లో గోడ మీద మచ్చ కనిపించినా వేలు మౌసు కోసం వెతుక్కుంటోంది.

అసలు రీలు ఎప్పుడో పులిసిన వాసన కొట్టి పొడైపోయింది. సీను తుడవగానే కంప్యూటర్లోని పాత ప్రతిని చెరిపేయడం అక్కడి పద్ధతి. చోటు చాలదు మరి.

సోమవారం ఉత్తరం సీను పూర్తిచేసింది. రాకుమారి ప్రేమలేఖ రాస్తుంటే తెరంతా ఆ చెయ్యే కనిపిస్తుంది. చివరి అక్షరం కిందనుంచి తీగలా సాగి వెనక్కి తిరిగే మెలిక చూసి, అప్పట్లో ఎంతమంది తమ రాత దిద్దుకున్నారో.

జరీ రవిక చేతి అంచు కాస్త పైకి జరిగిన చోట, మణికట్టు మీద ఒక నల్లటి మరక ఉంది. నలభై ఎనిమిది ఫ్రేములు, అంటే తెరమీద రెండు సెకన్లు. దాన్ని ఆనవాలు లేకుండా తుడిచేసింది. పైఅధికారి శభాష్ అన్నాడు.

బుధవారం గేటు దగ్గరి కాపలా మనిషి ఫోన్ చేశాడు. ఒక ముసలావిడ మనవరాలితో మూడోసారి వచ్చిందట. పైఅధికారి పొమ్మన్నా కదలడం లేదట.

మరకలమ్మే బయటికి వెళ్లింది. ఆవిడ నల్లగా, సన్నగా ఉంది. పక్కన పదేళ్ల పిల్ల, అదే రంగు, మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఆ సినిమాలో నేనున్నానమ్మా. ఉత్తరం సీనులో. దీనికి ఒక్కసారి చూపించాలి."

సంగతేమిటంటే, బడి నాటకంలో పిల్ల రాణి వేషం అడిగిందట. రాణులు నల్లగా ఉంటారా అని అందరూ నవ్వారట, టీచరుతో సహా. అప్పటినుంచి బడికి పోనని భీష్మించుకుంది.

"పెద్దమ్మా, ఆ సినిమా నాకు కంఠతా వచ్చు. నల్లగా ఉన్నవాళ్లు అందులో ఒక్కరూ లేరు. చెలికత్తెలు కూడా తెల్లగా ఉన్నవాళ్లే."

"ఉన్నాను. రెప్పపాటే. సీను వెయ్యి, నేనే వేలు పెట్టి చూపిస్తా."

మరకలమ్మకు జాలేసింది. వయసు మీదపడితే ఇలాంటివి మామూలే అనుకుంది. లోపలికి తీసుకెళ్లి, మొన్ననే తుడిచానని చెప్పి సీను వేసింది.

ఆవిడ పిల్ల భుజం పట్టుకుని తెరకేసి వంగింది.

"ఇదిగో, ఇప్పుడు చూడు."

వేలు ఎత్తింది. తెరమీద చెయ్యి రాస్తూ పోయింది. సీను అయిపోయింది. ఎత్తిన వేలు అలాగే ఉండిపోయింది.

మళ్లీ వెయ్యమంది. మరకలమ్మ మళ్లీ వేసింది.

"ఎక్కడమ్మమ్మా?" అంది పిల్ల.

ఆవిడ వేలు దించేసింది.

"లేనులే తల్లీ. నేనే పొరబడ్డాను."

గుమ్మం దగ్గర మరకలమ్మ వైపు తిరిగింది.

"చాలా శుభ్రంగా తుడిచావమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

మరకలమ్మ కూడా ఏమీ అనుకోలేదు. మధ్యాహ్నం ఇంకో సీను ముందేసుకుంది.

సాయంత్రం ఇంటికి పోతూ గేటు పుస్తకంలో సంతకానికి వంగింది. పై వరుసలో ముసలావిడ తన చేత్తో రాసిన పేరు, ఊరు, వచ్చిన పని. 'మనవరాలికి చూపించడానికి' అని ఉంది.

చివరి అక్షరం కిందనుంచి ఒక మెలిక తీగలా సాగి వెనక్కి తిరిగింది.

పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనకవాళ్లు కానివ్వమన్నారు. ఏడుపు కూడా రాలేదు.

అరవై ఏళ్లుగా లోకం ముచ్చటపడిన రాకుమారి చెయ్యి హీరోయిన్‌ది కాదు, తెల్ల పౌడరు పూసిన ఈవిడ చెయ్యి. తాను తుడిచేసిన ఆ మరక, పౌడరు అంటని చోట మిగిలిన ఆవిడ సొంత రంగు.