రాతి సీసా

ఆళ్లగడ్డ శిల్పి చంద్రమౌళాచారి అమ్మవారి విగ్రహం పని వద్దన్నాడు. నంద్యాలలో పెట్టబోయే కళా ప్రదర్శనకు రాతి కూల్‌డ్రింకు సీసా చెక్కడానికి ఒప్పుకున్నాడు.

కూతురు శ్రీహితకు తల కొట్టేసినట్లయింది.

"గుడి పని వదిలి సీసా చెక్కుతాండావేంది నాయనా?"

"దీన్ని చేసినోళ్లు తెలివైనోళ్లు పాపా. చీకట్లో తడిమినా, పగిలిన ముక్క పట్టుకున్నా ఇదేనని తెలియాలని ఈ నడుము పెట్టినారంట."

ఎడమచేత్తో నమూనాకు తెచ్చిన గాజు సీసా నడుము తడిమి, కుడిచేత్తో రాతి నడుము తడిమాడు.

"అమ్మవారిని వద్దనడానికి మనసెట్ల వచ్చింది నీకు?"

"అమ్మవారికి ఆఖర్న కండ్లు తెరవాల గదా. దీనికి ఆ పనుండదు," అంటూ ఉలి కోసం నేలంతా తడుముకున్నాడు.

ఉలి ఆయన మోకాలి పక్కనే, ఎండలో మెరుస్తూ ఉంది.