ఇత్తడి స్క్రూ

"కోటేశ్వరి గారు లేరా?"

పత్తి మిల్లు గుమాస్తా అంకయ్య కంప్యూటర్ పెట్టె మోసుకుని షాపులోకి వస్తూనే అడిగాడు. షాపుకున్నది నా పేరు. ఎదురుగా కూర్చున్నదీ నేనే.

"నేనున్నాగా, చెప్పండి."

"నిన్న మీరు బిగించిచ్చిన కంప్యూటరేనండి. ఆన్ కావట్లా. అవతల లారీలు ఆగిపోయినయ్. ఆవిడైతే చిటికెలో చూస్తారని..."

ఒళ్లు మండింది. నా భార్యకి ఈ పని నేర్పింది నేను!

ఆమె అప్పటికే లోపల్నించి వచ్చి పెట్టె విప్పేసింది. మదర్‌బోర్డు బయటికి తీసి, అట్టముక్క మీద పెట్టి కరెంటిచ్చింది. ఫ్యాన్ తిరిగింది.

"చూశారా, బోర్డు బాగానే ఉంది," అన్నాను. ఎవరూ నావైపు చూడలేదు.

ఆమె ఖాళీ పెట్టెలో వేళ్లతో తడిమి, ఏదో ఊడదీసి గుప్పిట మూసింది. బోర్డు మళ్లీ బిగించగానే కంప్యూటర్ ఆన్ అయింది.

"ఏంటమ్మా తేడా?"

"పెట్టెలోనే తేడా అండి. ఆయన పనికి వంక లేదు."

అంకయ్య ఆమెకి దణ్ణం పెట్టి వెళ్లాడు. నాకు ఒట్టి తలూపు.

"బాగా పేరు కొట్టేశావుగా!" అన్నాను.

ఆమె గుప్పిట విప్పింది. బోర్డు కింద ఆసరాగా బిగించే ఇత్తడి స్క్రూ. బోర్డుకి కన్నం లేనిచోట బిగించాను. అది బోర్డుకి తగిలి షార్టయింది.

"ఒక్కసారి పొరపాటు ఎవరికైనా జరుగుద్ది," అన్నాను.

ఆమె సొరుగులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది. అందులో అలాంటివి ఇంకా మూడున్నాయి. నాలుగోది వేసి మూసేసింది.

గుమ్మంలో ఇంకెవరో పిలిచారు. "కోటేశ్వరి గారున్నారాండీ?"

"ఉన్నారు. రండి, కూర్చోండి," అన్నాను.