నలుపెక్కని గుండె

“నిజం చెప్పు బిడ్డా. సూది పెట్టుకుంటున్నవా, లేదా?”

నాగపూర్‌లో స్కానింగ్ గది బయట కూర్చున్నాక కూడా జయ అడగడం మానలేదు.

“పెట్టుకుంటున్ననే అమ్మా. ఎన్నిమార్లు చెప్పాలె?” అంది అర్చన.

పసితనం నుంచి నెలనెలా రక్తం ఎక్కించుకుంటేనే అర్చన బతుకుతోంది. ఒళ్లు ఎదగలేదు, ఇప్పటికీ చెల్లెలి బట్టలే సరిపోతాయి. ఎక్కించిన రక్తంలోని ఇనుము లోపలే మిగిలిపోతుంది. దాన్ని బయటికి లాగే మందును పొట్టకు సూది గుచ్చి, చిన్న పంపుతో రోజూ ఎక్కించుకోవాలి. చంద్రపూర్‌లో, గని కాలనీలో ఉన్నన్నాళ్లు ఆ పని జయ చేసేది. నాగపూర్ కాలేజీ హాస్టల్‌కు వచ్చాక అర్చనే చూసుకుంటోంది.

అసలు ఆ పంపు బయటికే తీయడం లేదని వార్డెన్ కబురు చేసింది. పొద్దున జయ నేరుగా హాస్టల్‌కు వెళ్లి, తోటి అమ్మాయిలందరి ముందూ కూతురి పెట్టె గుమ్మరించింది. మందు సీసాలు నిండుగా కనబడ్డాయి. కొత్తవి అంది అర్చన.

“ఈ కొత్త స్కాన్ దగ్గర అబద్ధం సాగదు,” అన్నాడు డాక్టర్. “ఇనుము చేరిన గుండె నల్లగా కనబడుతుంది. అలాంటి గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చు.”

“నిన్ను పండవెడితే గాజులే కనబడ్తయమ్మా, గుండె కనబడది,” అంది చిన్న కూతురు స్నేహలత. జయ నవ్వలేదు.

నర్సు పిలిచింది. తోడు వెళ్లేవాళ్ల ఒంటిమీద కూడా లోహం ఉండకూడదంది. అక్కాచెల్లెళ్లు గాజులు, కమ్మలు తీసి తల్లి ఒడిలో పోసి లోపలికి వెళ్లారు.

సాయంత్రం డాక్టర్ ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశాడు.

“నలుపు జాడే లేదు. పిల్ల మందు చాలా క్రమంగా తీసుకుంటోంది. ఇక మోతాదు తగ్గించేద్దాం.”

జయ ముఖం చిన్నబోయింది. బయటికి రాగానే కూతురి చేతులు పట్టుకుంది.

“తప్పయింది బిడ్డా. అందరి ముంగట నీ ఇజ్జత్ తీసిన. కన్నతల్లినయ్యి నిన్ను నమ్మకపోతి.”

అర్చన తల ఎత్తలేదు. తల్లి తన ముందు ఇలా తగ్గడం చూడలేకపోతోంది కాబోలు అనుకుంది జయ. స్నేహలత గోడవైపు తిరిగి నిలబడింది.

అర్చన పేరు మీద ఆ యంత్రంలో పడుకున్నది స్నేహలత.