ఎక్స్-రే గది తలుపు

“పేరూ ఊరూ తర్వాత. ముందు గాయం కడుగు,” అంది మేనేజరమ్మ.

కొత్త నర్సు గబగబా దూది తీసింది. కుర్చీలో కూర్చున్న అమ్మాయికి కనుబొమ్మ మీద చర్మం చీలింది. మణికట్టు బూరెలా పొంగిపోయింది.

“ఎవరు కొట్టారమ్మా? మీ ఆయనేనా?” అని అడిగింది నర్సు.

ఆ అమ్మాయి మేనేజరమ్మ వైపు చూసింది. మేనేజరమ్మ కిటికీ వైపు చూసింది.

“వాడు ఇక్కడికొస్తాడు. ఈ పూటే వస్తాడు,” అందావిడ.

“మీకెలా తెలుసండీ?”

“ఇన్నేళ్లుగా చూడ్డం లేదూ!”

నిజమే. ఆ ఉచిత వైద్యశాల నడిపే ట్రస్టులో పెద్దలు మారారు. డాక్టర్లు వచ్చారు, పోయారు. మేనేజరమ్మ మాత్రం కదల్లేదు. చుట్టుపక్కల వీధుల్లో పిల్లా పెద్దా, తాగుబోతులతో సహా అందరూ ఆవిడను “అమ్మా” అనే పిలుస్తారు. ఎవరొచ్చినా ఆవిడ ముందు అడిగేది జబ్బు సంగతి కాదు, “ఏమైనా తిన్నావా?” అని. నర్సు చేరి వారమైనా కాలేదు, ఆ ప్రశ్న అప్పుడే ఆమె నోటికీ అంటుకుంది.

డాక్టరు ఆ రోజు పక్క పేటలో క్యాంపుకి వెళ్లాడు. మేనేజరమ్మ హాల్లో ఉన్న రోగుల్ని సాయంత్రం రమ్మని పంపేసింది. ఆ అమ్మాయిని, నర్సుని ఎక్స్-రే గది దగ్గరికి తీసుకెళ్లింది. అందులో మిషను పాడై చాలాకాలమైంది. తలుపు మీది ఎర్ర దీపం మాత్రం వెలుగుతుంది.

“అమ్మాయిని లోపల గడియ పెట్టుకోమను. నువ్వు బయటే నిలబడు. అడిగితే ఎక్స్-రే తీస్తున్నారని చెప్పు.”

తర్వాత ఆయాను పిలిచింది. “పెరటి దారిన పోలీస్ స్టేషన్‌కి వెళ్లు.”

ఆయా అక్కడే నిలబడిపోయింది. ఆవిడ కూడా అక్కడ పాతదే. “అమ్మా... నిజంగా వెళ్లమంటారా?”

“వెళ్లమన్నానా!”

ఆయా కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. ఇంత పిరికిదాన్ని పంపిందేమిటా అనుకుంది నర్సు.

అతను వచ్చాడు. అరుస్తూ వస్తాడనుకుంది నర్సు. అరవలేదు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో గుడ్డసంచి. గది గదీ తొంగి చూసుకుంటూ తాపీగా వచ్చాడు. తలుపుల వెనక చూశాడు. మంచాల కింద చూశాడు.

“ఎక్కడుందమ్మా అది?”

“ఏమైనా తిన్నావా?” అంది మేనేజరమ్మ.

“నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?”

పెద్దావిడను పట్టుకుని నువ్వంటాడేమిటి! నర్సుకు ఒళ్లు మండింది. ఆ మంట అతను దగ్గరికి వచ్చేదాకానే. మొదట స్పిరిట్ వాసన అనుకుంది. కాదు. పెట్రోలు. ఆ సంచిలోంచి వస్తోంది.

నర్సు తలుపుకి అడ్డంగా జరిగింది.

“ఈ గదిలో ఎవరు?”

“ఎ... ఎక్స్-రే తీస్తున్నారండీ.”

అతను తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల ఏదో కదిలిన చప్పుడైంది.

“చెయ్యి తియ్యి,” అంది మేనేజరమ్మ. “ఎర్ర దీపం కనబడట్లేదూ? ఇప్పుడు తలుపు తీస్తే ఆ కిరణాలు నీకే తగులుతాయి. రా, ఇలా కూర్చో. లోపలున్నవాళ్లు ఎలాగూ బయటికి రావాలిగా. నువ్వే చూద్దువుగాని.”

అతను కాసేపు ఆ దీపాన్నే చూశాడు. తలుపుకెదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. మేనేజరమ్మ ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చి పక్కనే కూర్చుంది. ఇద్దరి మధ్యా సంచి. ఆవిడ దాని పట్టీని తన మణికట్టుకి మెల్లగా చుట్టుకుంది.

“వదులమ్మా.”

“టీ చల్లారిపోతుంది.”

“వదలమంటున్నానా!” అతని చెవులు ఎర్రబడ్డాయి. సంచి లాగాడు. ఆవిడ బల్ల అంచుదాకా జారింది గానీ వదల్లేదు. ఇంకోసారి లాగాడు. పట్టీ ఆవిడ చర్మంలోకి కోసుకుపోయింది. అతని రెండో చెయ్యి జేబులోకి వెళ్లింది. లైటరుతో బయటికి వచ్చింది.

“వెలిగించు,” అందావిడ, గొంతు పెంచకుండా. “ముందు నేనున్నాను. నన్ను దాటాకే ఆ తలుపు.”

అతని బొటనవేలు లైటరు చక్రం మీద ఆగింది. నర్సు కళ్లు మూసుకుంది.

బూట్ల చప్పుడు వినబడింది. కళ్లు తెరిచేసరికి ఇద్దరు పోలీసులు అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. లైటరు నేల మీద పడి ఉంది. పెట్రోలు సీసా ఎస్సై చేతిలో ఉంది.

“నువ్వేనా వీళ్లని పిలిపించింది?” అతను నిప్పులు చెరిగాడు. “నువ్వేనా?”

“నేనే.”

అతన్ని ఈడ్చుకుపోయారు. వీధి మలుపు దాకా కేకలు వినబడుతూనే ఉన్నాయి. మేనేజరమ్మ అక్కడే కూర్చుంది. అతను ముట్టని టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. నర్సు ఆవిడ మణికట్టుకు కట్టు కట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ముందు ఆ పిల్లకి తలుపు తియ్యమని చెప్పు. భయపడి ఉంటుంది.”

ఎస్సై టోపీ తీసి బల్ల దగ్గరికి వచ్చాడు.

“సాక్ష్యం చెప్పాల్సి ఉంటుందమ్మా. కోర్టులో గట్టిగా నిలబడాలి. సామాన్యంగా వదిలే కేసు కాదిది, ఏళ్ల తరబడి లోపలే ఉంటాడు. మళ్లీ మాట మార్చరు కదా?”

“మార్చను.”

“ఇంతకీ ఇతను మీకు ముందే తెలుసా?”

“నా ఒక్కగానొక్క కొడుకు,” అంది మేనేజరమ్మ.