కఫీల్‌ని అడిగి చెప్తా

“కఫీల్‌ని అడిగి చెప్తా సిస్టరమ్మా,” అన్నాడు ఇనాయతుల్లా, టేపు మెడలో వేసుకుంటూ.

కెజియాకు ఒళ్లు మండింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. జెద్దాలో ఆమె నర్సుగా పనిచేసే ఆసుపత్రి వెనక సందులోనే ఉంది ఈ కుట్టు దుకాణం. వెలిసిపోయిన బోర్డు మార్చమంటే కఫీల్‌ని అడగాలి. పక్క గది ఖాళీ అయింది, తీసుకోమంటే కఫీల్‌ని అడగాలి. అడిగాక వచ్చే జవాబూ ఎప్పుడూ ఒకటే. ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలనే నితాకత్ రూలు అంటాడట, బయటి దేశాల పనివాళ్ల మీద కట్టే లెవీ అంటాడట, చివరికి వద్దంటాడట. పూచీ పడిన సౌదీ యజమాని కాదంటే పరాయి దేశం మనిషి ఏం చేయగలడని ఇన్నాళ్లూ ఆమె ఊరుకుంది.

“ఈసారి అలా కుదరదండి భాయ్,” అంది. “మా నర్సులందరి యూనిఫాంలూ ఇక ఈ ఊళ్లోనే కుట్టిస్తారంట. మేట్రన్ సుందరిగారికి మీ పేరు నేనే చెప్పాను. ఔనో కాదో ఇవాళే చెప్పాలి. లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.”

ఆమె పట్టుదలకు కారణం ఉంది. జెద్దాలో దిగిన కొత్తలో ఆసుపత్రివాళ్లిచ్చిన యూనిఫాం ఒంటిమీద గోనెసంచిలా వేలాడింది. మర్నాడే మొదటి డ్యూటీ. ఏడుపు ముఖంతో ఈ దుకాణం మెట్లెక్కితే, షట్టరు దించబోతున్న ఇనాయతుల్లా మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు. ఊరుగాని ఊరిలో ఆ రోజు అతను చేసిన సాయం ఆమె ఎన్నడూ మరవలేదు. అలాంటి మనిషి ఈ ఏడు దుకాణం మూసేసి రాయచోటికి వెళ్లిపోతానంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది.

“లెవీలు కట్టలేక మూసేస్తానన్నది మీరే కదండి. ప్యాంట్లు పొట్టి చేసుకుంటూ కూర్చుంటే నిలబడేదెలా? పెద్ద పని పట్టుకోవాలి కదా.”

“పెద్ద పనంటే మనుషుల్ని పెట్టుకోవల్ల. నితాకత్‌కు సౌదీవాళ్లు కావల్ల. వాళ్లను యాడ తెచ్చేది?”

“మా వార్డు క్లర్కు చెల్లెలూ, ఆ పిల్ల స్నేహితురాలూ కుట్టుపని నేర్చుకుని ఖాళీగా ఉన్నారు. సౌదీ అమ్మాయిలే. నేను మాట్లాడేశాను.”

ఇనాయతుల్లా చేతిలో కత్తెర కింద పెట్టాడు. మధ్యాహ్నం భోజనం తెచ్చిన అతని భార్య జాహెదా ఓ మూల టిఫిన్ క్యారియర్ గిన్నెలు విప్పుతూ ఇద్దరి మాటలూ వింటోంది.

“మా కఫీల్ ఒప్పుకోడమ్మా. పెద్ద పనులంటే ఆయప్పకు భయం.”

“మీ మీద నమ్మకం లేదా ఆయనకి?”

“లేదు. మొదట్నుంచీ లేదు.”

అంత మామూలుగా అన్నందుకు కెజియాకు ఇంకా కోపం వచ్చింది. “నంబరివ్వండి. నేనే మాట్లాడతాను.”

“ఆడోళ్లతో మాట్లాడడు.”

జాహెదాకు పొలమారింది. మంచినీళ్లు తాగి మళ్లీ గిన్నెల మీదికి వంగింది.

“అయితే నా మాటగా మీరే చెప్పండి. ఇన్నేళ్లలో ఈయన కుట్టింది బాగోలేదని ఒక్క నర్సయినా వెనక్కి తెచ్చిందా అని అడగండి.”

ఇనాయతుల్లా తల వంచుకుని విన్నాడు. “ఇంకేం చెప్పమంటావు?”

“దిగితేగానీ లోతు తెలీదని చెప్పండి. ఈయన పనితనం రోజూ చూస్తూ కూడా మీకు భయమేంటని అడగండి.”

“ఇంకా?”

“ఇంకేముందండి. నష్టమే వచ్చిందనుకోండి, ఎలాగూ మూసేద్దామనుకున్న దుకాణమే కదా పోయేది అని చెప్పండి.”

ఇనాయతుల్లా చప్పున తలెత్తాడు. తరవాత ఫోను తీసుకుని, బట్టలు వేసి చూసుకునే చోట కట్టిన కర్టెను వెనక్కి వెళ్లాడు.

కెజియా కళ్లు మూసుకుని మనసులో ప్రార్థన చేసుకుంది. లోపల్నుంచి గొణుగుడు వినబడింది. నచ్చజెబుతున్నట్టు, తగ్గినట్టు, మళ్లీ గట్టిపడినట్టు. జాహెదా అన్నం వడ్డించడం ఆపేసి కర్టెను వైపే చూస్తోంది.

ఇనాయతుల్లా బయటికి వచ్చేసరికి నుదురంతా చెమట.

“ఒప్పుకున్నాడు,” అన్నాడు. “పక్క గది కూడా తీసుకోమన్నాడు.”

“దేవుడికి స్తోత్రం,” అంది కెజియా. సంతోషంతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇన్నాళ్లూ ఆయన్ని ఊరికే తిట్టుకున్నాను భాయ్. నా తరఫున థాంక్స్ చెప్పండి.”

“ఆయప్పే నీకు చెప్పమన్నాడమ్మా. ఇంత గట్టిగా ఇన్నేండ్లలో ఎవరూ చెప్పలేదంట.” అన్నం సంగతి మరిచిపోయి, గది తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి బయటికి పరుగుతీశాడు.

కెజియా లేచింది. జాహెదా గుమ్మం దాకా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “నీ రుణం తీర్చుకోలేం చెల్లీ.”

“రుణమేంటక్కా, నాదే ఇంకా తీరలేదు. క్రిస్మస్‌కి కేకు చేస్తాను. మీ కఫీల్‌గారి ఇల్లు ఎక్కడో చెప్పు, ఆయనకీ ఒకటి పంపుతాను.”

“ఆ పెద్దాయన తాయిఫ్‌కు పోయి చానా దినాలాయ. పోతా పోతా కాయితాలు మార్పించి మాకు చేసిన మేలు ఇంతంత కాదు. యాడున్నా అల్లా ఆయన్ని సల్లగా సూడాల.”

“మరి ఇందాక లోపల మాట్లాడింది ఎవరితో?”

జాహెదా నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“మూడేండ్ల నుంచి ఈ అంగడి మా ఆయనదే చెల్లీ.”