చెల్లుకు చెల్లు

నువ్వు మోసగించిన మనిషిని దాటుకుని దేవుడి దగ్గరికి ఎలా వెళ్తున్నావయ్యా?

నేను చెప్పుల ఫ్యాక్టరీలో పనివాణ్ణి. తమ్ముడు రేవులో విదేశీ చెప్పులు దించే కూలీ. అధ్యక్ష ఎన్నికల్లో దిగుమతులు ఆపుతానన్నవాడు నావాడు, ఆపనన్నవాడు తమ్ముడివాడు.

“నీ ఓటుకి నా ఓటు చెల్లు అన్నయ్యా. ఇద్దరం ఇంట్లోనే ఉందాం, కాళ్లయినా అరగవు,” అన్నాడు తమ్ముడు. సరేనన్నాను.

వాడు కునుకు తీస్తుండగా వెళ్లి ఓటేసి వచ్చాను. సిరా మాసేదాకా, వాడు ఎదురైనప్పుడల్లా ఆ వేలును బైబిలు పుటల మధ్య దాచాను.

నావాడు గెలిచాడు. ఓడలు ఆగాయి, తమ్ముడి పని పోయింది.

“పోనీలే అన్నయ్యా, మనిద్దరం మాట తప్పలేదు,” అన్నాడు.

ఆదివారం చర్చిలో సంఘం ముందు ఒప్పుకుందామని ఆగాను. శుక్రవారమే వాడు గుండె ఆగి చనిపోయాడు. సంఘమంతా నన్ను క్షమించింది. క్షమించాల్సినవాడు మట్టిలో ఉన్నాడు.

నువ్వు మోసగించినవాడింకా బతికే ఉన్నాడు. ప్రార్థన తర్వాత చేద్దువుగాని, లే, ఈ పూటే వెళ్లు.