ఏడో గాజుపట్టీ

తూర్పు గ్యాలరీ కింద, ఏడో పగులు మీద అంటించిన గాజుపట్టీ రెండు ముక్కలై ఉంది.

గడ్డి మేస్త్రి కొయ్యబారిపోయాడు. స్టేడియంలో పచ్చిక పెంచేది ఆయనే. క్లబ్బులో అందరూ ఆయన్ని పిలిచే పేరూ అదే.

"ఏమయ్యా, దెయ్యాన్ని చూసినట్టు అలా నిలబడిపోయావేం?" మెట్లు ఊడుస్తున్న భార్య అడిగింది.

"గాజు పగిలింది."

చీపురు చప్పుడు ఆగింది.

ఆర్నెల్ల కిందట ఇంజనీరు వచ్చి, పాత గోడల్లోని పదకొండు పగుళ్లకు అడ్డంగా పదకొండు సన్నటి గాజుపట్టీలు ప్లాస్టరుతో అంటించి వెళ్లాడు. గోడ ఏమాత్రం కదిలినా గాజు ఓర్చుకోదు, పుటుక్కుమంటుంది. గోడ కదలకపోతే స్టేడియానికి మరమ్మతు చేసి ఇక్కడే ఆడతారు. కదిలిందని తేలితే కూలగొట్టి ఊరవతల కొత్తది కడతారు. పాతదా, కొత్తదా అని ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లు రెండుగా చీలి ఏడాది పాటు కొట్టుకుని, చివరికి తీర్పును ఆ గాజుముక్కలకు వదిలేశారు. గడువు ఇవాళే. కొత్తదాంట్లో ప్లాస్టిక్ గడ్డి పరుస్తారట. ప్లాస్టిక్ గడ్డికి నీళ్లెందుకు, మేస్త్రి ఎందుకు?

"ఉన్నదున్నట్టు చెప్పెయ్," అంది భార్య. "పగులు నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది. నా కళ్లు ఇంకా పోలేదు."

"నీ కళ్లు సరే. గాజు అబద్ధమాడుతుందా?"

"గాజు సంగతి నాకు తెలీదు. నువ్వు మాత్రం ఆడలేవు. పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, అబద్ధమాడబోతే నీ చెవులే ముందు చెప్పేస్తాయి."

మేస్త్రి వినలేదు. ఇంజనీరు ఆనాడు మిగిల్చిపోయిన పట్టీలు, ప్లాస్టరు పొడి పనిముట్ల గదిలో ఉన్నాయి. పాత ముక్కలు ఊడదీసి, నుగ్గునుగ్గుగా తొక్కి, కాలువలో పారబోశాడు. భార్య గొణుక్కుంటూనే ప్లాస్టరు కలిపి పెట్టింది. తొమ్మిదింటికల్లా ఏడో పట్టీ అద్దంలా మెరుస్తూ నిలబడింది.

పదింటికి ఇంజనీరు వచ్చాడు. వెనకే క్లబ్బు ప్రెసిడెంటు. కొత్త స్టేడియం కావాలని గొంతు చించుకునేవాళ్లలో మొదటివాడు ఆయనే.

ఇంజనీరు ఒక్కొక్క పట్టీ చూస్తూ వచ్చి, ఏడోదాని ముందు ఆగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ప్లాస్టరు మీద అరచెయ్యి ఆనించాడు.

"పెద్దాయనా, ఇది ఎవరు పెట్టారు?"

"మీరే కద సార్, ఆర్నెల్ల కింద..."

"ఆర్నెల్ల ప్లాస్టరు ఇంత చల్లగా ఉండదు."

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. భార్య చీపురు కింద పడేసి ముందుకొచ్చింది.

"ప్లాస్టరు కలిపింది నేను సార్. ముంచితే ఇద్దర్నీ కలిపే ముంచండి."

"కంచే చేను మేసిందన్నమాట," అన్నాడు ప్రెసిడెంటు. ఆయన గొంతులో కోపం కంటే సంబరమే ఎక్కువుంది.

"పగిలిన ముక్కలేవి?" ఇంజనీరు అడిగాడు.

"నలగ్గొట్టి కాలువలో పోశాను."

ఇంజనీరు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"మొత్తం ఎన్ని మార్చారు?"

"ఇదొక్కటే సార్. ఈ పచ్చిక మీద ఒట్టు."

"నేను నమ్ముతాను. కానీ ఒకటి మార్చిన చెయ్యి మిగతా పదీ మార్చలేదని కాగితం మీద ఎలా రాయను? ఎండిన ప్లాస్టరు ఎప్పుడు ఎండిందో చెప్పదు. వేలమంది ఎక్కి గంతులేసే గ్యాలరీ ఇది."

"పోనీ ఇంకో ఆర్నెల్లు పెట్టి చూడండయ్యా," అంది భార్య. "మేం ఈ ఛాయలకే రాం."

"ఇంకోసారి లేదమ్మా," ప్రెసిడెంటు అడ్డొచ్చాడు. "ఒక్కటే పరీక్ష, అది చెడితే కొత్తదే కట్టాలని రెండు వర్గాలూ సంతకాలు చేశాయి."

ఇంజనీరు గోడకు కాగితం ఆనించి రెండు ముక్కలు రాశాడు. పరీక్ష చెల్లదు. గోడలకు హామీ ఇవ్వలేను. కింద సంతకం పెట్టాడు. ప్రెసిడెంటు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడే ఎవరికో ఫోన్ చేస్తూ గేటు వైపు నడిచాడు.

మేస్త్రి మెట్టు మీద కూలబడ్డాడు. ఎదురుగా పచ్చిక నీళ్లు తాగి నిగనిగలాడుతోంది. భార్య పక్కన కూర్చుంది. వేళ్లకంటిన ప్లాస్టరు గోక్కుంది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

ఇంజనీరు సంచి సర్దుకుంటున్నాడు, కానీ కదలడం లేదు.

"మీరు బాధపడకండి సార్," అన్నాడు మేస్త్రి చివరికి. "నేను చేసింది తప్పే. కానీ నేను మార్చినా మార్చకపోయినా గాజు పగిలింది, గోడ కదిలింది. ఎలాగూ పోవాల్సిందే పోయింది. రేపు అది జనం మీద కూలితే ఆ ఉసురు నేను మొయ్యగలనా? ఆ మాట అనుకునే మనసు రాయి చేసుకుంటున్నాను."

ఇంజనీరు తలెత్తలేదు.

"గోడ కదల్లేదు పెద్దాయనా," అన్నాడు. "నిన్న సాయంత్రం పై పట్టీలు చూడ్డానికొస్తే నా నిచ్చెన తగిలి పగిలింది. మీతో చెబుదామని చూశాను. మీరేమో అవతలి గోలు దగ్గర నీళ్లు పడుతున్నారు. అంత దూరం ఏం నడుస్తాంలే, పొద్దున్నే చెప్పొచ్చు అని వెళ్లిపోయాను."